వాలంటీరు కాదు, హక్కుదారు

సంక్రాంతి దాటాక మన తీరానికి ఏటా రెండు రకాల చుట్టాలు వస్తారు. గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లు ఒక రకం. ఆ తాబేళ్లను కాపాడదామని వచ్చే మనుషులు ఇంకో రకం. తాబేలు రాత్రిపూట వస్తుంది. ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెట్టి, పూడ్చేసి, తెల్లారేలోపు నీళ్లలోకి వెళ్లిపోతుంది. రెండో రకం వాళ్లు పగటిపూట జీపుల్లో వస్తారు. కాలనీ వాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి, తాబేలు ఎంత అరుదైన జీవో చెప్పి, చివర్లో ఒక మాట అంటారు: "మీరంతా వాలంటీర్లుగా ముందుకు రావాలి."

ఆ మాట మీదే ఈ వ్యాసం. తాబేలు మీద నాకు కోపం లేదు. దాన్ని కాపాడాలనే మనుషుల మీదా లేదు. తీరంలో బతికే యానాదులు, మత్స్యకారులు చెయ్యి వేయకుండా తీరంలోని ఏ అరుదైన జీవినీ ఎవరూ కాపాడలేరు. ఈ సంగతి అధికారులూ ఒప్పుకుంటారు, శాస్త్రవేత్తలూ ఒప్పుకుంటారు. అంత అవసరమైన పనికి కూలి ఉండాలా వద్దా? ఆ పని ఎలా జరగాలో చెప్పే అధికారం ఆ పని చేసేవాళ్లకు ఉండాలా వద్దా? ఆ తీరం మీద వాళ్లకు హక్కు ఉండాలా వద్దా? ఈ మూడూ ఇవ్వకుండా పని మాత్రం చేయించుకుని దానికి 'స్వచ్ఛంద సేవ' అని పేరు పెడితే, మన తాతలు చేసిన వెట్టికీ దీనికీ తేడా ఏమిటి?

యువతీ యువకులారా, ఉపాధ్యాయ మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు తాబేలు సంగతి తెలుసుకోవాలి.

చంపుతున్నది ఎవరు?

మన తీరానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లే తాబేలు. ఒక్కో తల్లి ఒక విడతకు నూటికి పైగా గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు ఇసుకలోంచి పైకొచ్చి సముద్రం వైపు పాకుతాయి. ఆ దారిలోనే కుక్కలు, నక్కలు, కాకులు, పీతలు కొన్నిటిని తినేస్తాయి. నీళ్లలో చేపలు ఇంకొన్నిటిని తింటాయి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప అని చెబుతారు. ఆ ఒక్కటి మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లు పైనే పడుతుంది.

ఈ లెక్కను ఒకసారి బోర్డు మీద వేసి చూడండి. ఒక గుడ్డు పోతే ఏం పోయింది? వెయ్యిలో ఒక వంతు అవకాశం పోయింది. ఒక పెద్ద తల్లి తాబేలు చస్తే? అన్ని గండాలూ దాటి వచ్చిన ఆ ఒక్కటే పోయింది. అది ఇక ముందు పెట్టబోయే వేల గుడ్లూ పోయాయి. తాబేలు జాతి నిలవాలంటే మొదట ఆపవలసింది పెద్ద తాబేళ్ల చావు.

పెద్ద తాబేళ్లు ఎక్కడ చస్తున్నాయి? మరబోట్ల ట్రాల్ వలల్లో. తాబేలు నీళ్లలో బతికినా ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మధ్యమధ్య పైకి రావాలి. అడుగున గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. ఆ కళేబరాలు రెండు మూడు రోజులకు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరానికి వందలకొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చినప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది. మన తీరంలోనూ ప్రతి సీజనులో చచ్చిన తాబేళ్లు కనబడుతూనే ఉన్నాయి. వాటిని మొదట చూసేది ఎవరు? తెల్లవారుజామున పీతలకో, చేపలకో బయలుదేరిన మన మనుషులే.

దీనికి మందు లేదా అంటే ఉంది. దాన్ని టెడ్ అంటారు. వల గొంతులో అమర్చే ఇనుప కమ్ముల చట్రం అది. రొయ్యలు, చిన్న చేపలు కమ్ముల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు కమ్ములకు తగిలి పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టుగా దీన్ని తయారుచేసింది. వాడాలనే నిబంధన కాగితం మీద ఉంది. వాడకం సరిగా లేదన్న కారణంతోనే 2019 నుంచి అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని కొనడం మానేసింది. అంటే చట్టం ఉంది, పరికరం ఉంది, పరాయి దేశపు ఒత్తిడి కూడా ఉంది. అయినా బోట్ల మీద తనిఖీ జరగదు. తనిఖీ జరిగేది కాలనీలో, బుట్ట పట్టుకుని వచ్చే ఆడమనిషి దగ్గర.

ఇక వేట నిషేధం సంగతి. మన రాష్ట్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట ఆపుతారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది, మంచిదే. కానీ తాబేళ్లు మన తీరానికి ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేసరికి తల్లి తాబేళ్లలో చాలావాటి పని అయిపోతుంది. కొన్నిటి బతుకే అయిపోతుంది.

దొంగ ముద్ర

మన పెద్దలు తాబేలు గుడ్లు తిన్నారా? తిన్నారు. దాచవలసిన పని లేదు. ఆకలి ఉన్నచోట ఇసుకలో దొరికిన గుడ్డు తిండే అవుతుంది. కానీ వాళ్లు తిన్నది కడుపుకు. అమ్మింది ఎవరు? ఒడిశాలోని గహిర్‌మాథా ప్రపంచంలోనే పెద్ద తాబేలు రేవుల్లో ఒకటి. అక్కడ 1970ల మధ్య వరకు గుడ్లు ఏరుకోవడానికి ప్రభుత్వమే లైసెన్సులు ఇచ్చింది. పడవలకొద్దీ గుడ్లు బజారుకు పోయాయి. ఆ తర్వాత కూడా పెద్ద తాబేళ్లు లారీల్లో, రైళ్లలో కలకత్తా చేరాయి. ఆ వ్యాపారం చేసినవాళ్లను ఎవరూ 'గుడ్ల దొంగలు' అనలేదు. కంట్రాక్టర్లు అన్నారు.

యానాదులకు ముద్రలు కొత్త కాదు. తెల్లవాళ్ల కాలంలో మనల్ని నేరస్థ తెగల జాబితాలో పెట్టారు. పుట్టిన బిడ్డను పుట్టుకతోనే దొంగను చేసిన ఆ చట్టం 1952లో పోయింది. చట్టం పోయినంత తొందరగా చూపు పోలేదు. ఊళ్లో కోడి పోతే మొదట కాలనీకి వచ్చినట్టే, తీరంలో గుడ్లు పోతే మొదట కాలనీకే వస్తున్నారు. కుక్కలు తవ్విన గుంతకు కూడా మనమే జవాబు చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి ఇది. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆ భయం చూపించి "వాలంటీరుగా రా" అంటే అది పిలుపా, బెదిరింపా?

శ్రీహరికోట మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ దీవి అడవిలో యానాదులు తరతరాలుగా బతికారు. 1969లో దాన్ని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. దేశానికి రాకెట్లు కావాలి, కాదనను. దీవి ఖాళీ చేసిన కుటుంబాలు మాత్రం ఏ గుండెల మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాయో పాఠ్యపుస్తకంలో లేదు. ఆ దీవి తీరంలో తాబేళ్లు ఇప్పటికీ గుడ్లు పెడతాయి. తాబేలుకు తను పుట్టిన తీరం వెతుక్కుంటూ తిరిగి వచ్చే గుణం ఉందని పిల్లలకు చెబుతాం. ఆ తీరంలో పుట్టిన మనిషికి అదే గుణం ఉంటే మాత్రం దాన్ని ఆక్రమణ అంటారు.

చదువు లేని పనా?

"గుడ్లు ఏరడానికి ఏం చదువు కావాలి, కూలి అడగడానికి?" అన్న పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయనకు ఆ పని వివరంగా చెబుతాను.

చీకట్లో తీరం వెంట మైళ్లు నడవాలి. ఇసుక మీద జాడ చూసి అది తాబేలుదా, వల ఈడ్చిన గీతా గుర్తుపట్టాలి. ఆలివ్ రిడ్లే ఒక చెయ్యి, ఒక చెయ్యిగా మార్చి మార్చి పాకుతుంది. కాబట్టి దాని జాడ ఎదురుబొదురుగా ఉండదు, ముందూ వెనకగా పడుతుంది. ఎక్కే జాడ ఏది, దిగే జాడ ఏది తెలియాలి. తల్లి ఇసుకను చెల్లాచెదురు చేసి పోతుంది కాబట్టి, గుంత అసలు ఎక్కడుందో పాదం కింది మెత్తదనంతో కనిపెట్టాలి. కర్ర గుచ్చితే గుడ్డు పగలకుండా గుచ్చాలి. గుడ్లను హేచరీకి మార్చాలంటే గంటల్లోనే మార్చాలి. కుదపకూడదు, తిప్పకూడదు, తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. కొత్త గుంత తల్లి తవ్వినంత లోతుగా, అదే కుండ ఆకారంలో తవ్వాలి. ఇసుక వేడి ఎక్కువైతే పిల్లలన్నీ ఆడవే పుడతాయి, తక్కువైతే మగవే పుడతాయి. ఇంకా ఎక్కువైతే అసలే పుట్టవు. కాబట్టి ఎండ చూసి నీడ వేయాలి.

ఇందులో మొదటి సగం మన యానాది తాతకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎలుక బొరియ చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పే కన్ను అది. మడ అడవిలో బొరియ అంచున బురద తడి చూసి పీత ఉందో లేదో చెప్పే వేలు అది. రెండో సగం ఒక వారం శిక్షణ ఇస్తే వస్తుంది. డి.ఎడ్. చదివినప్పుడు మాకు మొదటి పాఠంగా చెప్పారు: బోధన తెలిసినదాని నుంచి తెలియనిదానికి సాగాలి అని. తెలిసినవాడిని పక్కన కూర్చోబెట్టి, తెలియనివాడి చేత పాఠం చెప్పించడం ఏ బోధనా పద్ధతిలోనూ లేదు.

కొన్నేళ్ల కిందట తాబేలు పిల్లల్ని సముద్రంలో వదిలే కార్యక్రమం ఒకటి చూశాను. ఆ సీజను మొత్తం రాత్రుళ్లు నడిచి గుడ్లు వెతికింది మా కాలనీ పెద్దాయన. ఆ రోజు పట్నం నుంచి వచ్చిన విద్యార్థులకు టీషర్టులు, సర్టిఫికెట్లు ఇచ్చారు. ఫొటోలు తీశారు. పెద్దాయన చేత కుర్చీలు మోయించారు. "మీ పేరు కూడా రాయమని అడుగుతాను మామా" అన్నాను. ఆయన నవ్వి, "పేరు రాస్తే ఏమొస్తది అబ్బయ్యా, కూలి రాస్తే బియ్యమొస్తాయి" అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అనే సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కూలి ఇస్తే సేవ చెడిపోతుందా?

"డబ్బు ఇస్తే స్వచ్ఛంద స్ఫూర్తి పోతుంది" అనే వాదన ఒకటి ఉంది. అది నిజంగా స్ఫూర్తి గురించే అయితే జీతం తీసుకునే అధికారికి, ప్రాజెక్టు నిధులతో వచ్చే పరిశోధకుడికి కూడా వర్తించాలి. మన రాష్ట్రంలో 2019 నుంచి కొన్నేళ్లు గ్రామ వాలంటీర్లు ఉన్నారు. వాళ్లకు కూడా నెలకు అయిదు వేలు గౌరవ వేతనం ఇచ్చారు. ఇల్లిల్లూ తిరిగిన వాలంటీరుకు డబ్బు ఉన్నప్పుడు, రాత్రంతా తీరం తిరిగిన వాలంటీరుకు ఎందుకు ఉండకూడదు?

స్వచ్ఛంద సేవను నేను తక్కువ చేయను. 1988 నుంచి చెన్నైలో విద్యార్థులు రాత్రుళ్లు తీరం వెంట నడిచి గుడ్లు కాపాడుతున్నారు. అది నిజమైన సేవ. ఇష్టమైతే వస్తారు, పరీక్షలుంటే మానేస్తారు. కాలనీ మనిషికి ఆ మానేసే స్వేచ్ఛ ఉందా? రాత్రి తాబేలు కోసం నడిచినవాడు పగలు రొయ్యల చెరువు కాపలాకు పోవాలి. పోకపోతే ఆ రోజు పొయ్యి వెలగదు. రొయ్యల చెరువు దగ్గర కాపలా మనమే, తాబేలు గుడ్ల దగ్గర కాపలా మనమే. రెండు చోట్లా యజమాని మాత్రం ఇంకొకడు.

కూలి ఇచ్చి, పని మనుషుల చేతికే అప్పగిస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన పక్కనే, మహాబలిపురం దగ్గర తీరంలో, ఇరుళ ఆదివాసుల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం ఉంది. 1972 చట్టంతో పాము తోళ్ల వ్యాపారం ఆగిపోయినప్పుడు ఇరుళ కుటుంబాలకు తిండి పోయింది. 1978లో సంఘం పెట్టుకున్నారు. పాముల్ని బతికుండగా పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందు తయారీకి ఆ విషం పోతుంది. ఆ డబ్బు సంఘానికి వస్తుంది. పాములూ బతికాయి, మనుషులూ బతికారు. కొండచిలువలు పెరిగిపోయి ఇబ్బంది పడుతున్న అమెరికాలోని ఫ్లోరిడాకు 2017లో ఇద్దరు ఇరుళ నిపుణుల్ని పిలిపించుకున్నారు. వాళ్లు మాసి సడయాన్, వడివేల్ గోపాల్. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నిన్నటి దాకా వేటగాళ్లు అన్న మనుషులే వాళ్లు. మారింది వాళ్ల నైపుణ్యం కాదు. ఆ నైపుణ్యానికి ధర కట్టి, సంఘం వాళ్ల చేతిలో ఉంచిన పద్ధతి మారింది.

ఇంకో రెండు ఉదాహరణలు చెబుతాను. గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపను ఒకప్పుడు నూనె కోసం చంపేవాళ్లు. 2004 నుంచి అక్కడి మత్స్యకారులు వలలో పడిన సొరచేపను వల కోసి వదిలేస్తున్నారు. ఎందుకు? కోసిన వలకు పరిహారం ఇస్తున్నారు కాబట్టి. భక్తితో, ప్రచారంతో మనసు మారింది నిజమే, కానీ వల డబ్బు చేతికి రాకపోతే ఎన్నాళ్లు కోస్తారు? మహారాష్ట్రలో వేలాస్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 2002లో తాబేలు గుడ్ల కాపలా మొదలైంది. తర్వాత పిల్లలు పుట్టే రోజుల్లో చూడవచ్చే వాళ్లకు ఊరి వాళ్లే తమ ఇళ్లలో బస, భోజనం పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. తాబేలు ఊరికి బరువు కాకుండా ఊరికి ఆదాయమైంది.

బరువు ఎలా ఉంటుందో చూడాలంటే ఒడిశాలోని రుషికుల్య చూడాలి. 2023లోనూ, 2025లోనూ అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ తీరంలోని జాలరుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. పిల్లలు బయటికొచ్చే రాత్రుల్లో అవి రోడ్డు దీపాల వైపు తప్పిపోతే, ఊరి కుర్రాళ్లు వలలు అడ్డం కట్టి ఆపి, బకెట్లతో నీళ్ల దగ్గరికి చేరుస్తారు. సొంతంగా కమిటీ పెట్టుకుని చేస్తున్న పని అది, చేతులెత్తి మొక్కాలి. అదే తీరంలో నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలు, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. కాపలా వాళ్లదే, నిషేధపు బరువూ వాళ్లదే. ఆ బరువుకు తగ్గ పరిహారం ఇవ్వడమే న్యాయం. అది ఇవ్వకుండా వాళ్ల ఫొటోలు మాత్రం ప్రపంచానికి చూపించుకుంటే సరిపోదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. వేట నిషేధ కాలానికి మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఆ లెక్క పడవలతో మొదలవుతుంది. పడవ లేని యానాది, కాలువలో చేత్తో చేప పట్టేవాడు, మడ అడవిలో పీతలు పట్టేవాడు, ఆ లెక్కలో ఎక్కడుంటాడు? నీళ్లకు దూరంగా ఉండమన్నప్పుడు అతను మత్స్యకారుడు. డబ్బు పంచేటప్పుడు కాదు.

గీత ఎవరి కోసం జరుగుతుంది?

చట్టం చట్టమే, అందరికీ ఒకటే అని మనకు చెబుతారు. నిజంగా ఒకటేనా?

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, తీరప్రాంత నియంత్రణ మండలిలో కొత్తరకం రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి వాటికి దారి ఇచ్చింది. చెరువుల కోసం గీత జరిగింది.

గ్రేట్ నికోబార్ దీవిలో గలతియా తీరం ఉంది. తాబేళ్లన్నిటిలో పెద్దదైన లెదర్‌బ్యాక్ తాబేలు గుడ్లు పెట్టే ముఖ్యమైన చోటు అది. అది అభయారణ్యం. ఓడరేవు కట్టాలనుకున్నారు. 2021 జనవరిలో అభయారణ్యం హోదా తీసేశారు. ఆ దీవి షోంపెన్, నికోబారీ ఆదివాసులది. 2004 సునామీకి తీరపు ఊళ్లు పోగొట్టుకున్న నికోబారీలు, మా పాత ఊళ్లకు మమ్మల్ని పోనివ్వండి అని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఇచ్చిన సమ్మతిని వాళ్ల ట్రైబల్ కౌన్సిల్ 2022లో వెనక్కి తీసుకుంది కూడా. అయినా ప్రాజెక్టు ఆగలేదు. అంటే తాబేలు కోసం ఆదివాసిని ఆపవచ్చు, ఓడరేవు కోసం తాబేలునూ ఆదివాసినీ కలిపి పక్కకు జరపవచ్చు.

తాబేలుకూ మనకూ పోటీ పెట్టి చూపించేవాళ్లకు నా జవాబు ఇది. తాబేలూ మనమూ ఒకే గీతకు ఇవతల ఉన్నాం. దాన్ని జరిపే చెయ్యే మనల్నీ జరుపుతోంది. అందుకే కోపంతో "తాబేలు పోతే పోనీ" అనే యువకులతో కూడా నేను ఏకీభవించను. తాబేలు పోయిన తీరంలో మనకు మిగిలేది ఏమిటి? గుడ్లు పెట్టే తీరానికి నియంత్రణ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉంది. ఆ గుడ్లే లేకపోతే రేపు ఆ ఇసుక మీద రిసార్టు కట్టడానికి అడ్డు చెప్పేది ఏదీ ఉండదు. దాని గుడ్లు మన భూమికి కూడా కాపలా.

చట్టం మనకేమిచ్చింది?

మన యానాది కాలనీలు చాలావరకు అయిదో షెడ్యూలు బయట ఉన్నాయి. పీసా చట్టం మనకు లేదు. మైదాన గిరిజనులకు హక్కుల చట్టాలేవీ లేవని చాలామంది ఉపాధ్యాయులు కూడా అనుకుంటారు. అది తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతానికే పరిమితం కాదు. అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. అభయారణ్యాలు కూడా అందులో ఉన్నాయని చట్టమే చెబుతోంది. సముద్రం అటవీ భూమి కాదు, నిజమే. కానీ మడ అడవులు, అభయారణ్యం గీత లోపలి కాలువలు, అటవీ శాఖ చేతిలో ఉన్న తీరపు భూములు ఉన్నాయి కదా. చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద సామూహిక హక్కును ఆ చట్టం మూడో సెక్షన్ గుర్తించింది. తరతరాలుగా కాపాడుకున్న అడవిని కాపాడే హక్కునూ అదే గుర్తించింది. అయిదో సెక్షన్ వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకూ హక్కుదారులకూ ఇచ్చింది.

ఆ సెక్షన్‌లో వాలంటీరు అనే మాట లేదు. హక్కుదారు అనే మాట ఉంది. మన పోరాటమంతా ఈ రెండు మాటల మధ్య దూరం గురించే.

"హక్కు ఇస్తే గుడ్లు అమ్ముకుంటారు" అని భయపడేవాళ్లు ఉంటారు. ఎవరో ఒకరు అమ్మవచ్చు కూడా. అలాంటివాడిని గ్రామసభ ముందు నిలబెట్టేది పక్కింటివాడే, ఎందుకంటే ఆ గుడ్లతో పక్కింటివాడి కూలి, పరువు ముడిపడి ఉంటాయి. రాత్రి రెండు గంటలకు తీరంలో అధికారి ఉండడు. పక్కింటివాడు ఉంటాడు.

మనం చేయవలసింది

ఒకటి. యువత తాబేలు పనికి పోవాలి, కానీ సంఘంగా పోవాలి. విడివిడిగా పోతే వాలంటీర్లవుతాం, సంఘంగా పోతే ఒప్పందం అడగగలుగుతాం. రాత్రికి ఎంత కూలి, ఎన్ని నెలలు, పాము కరిస్తే వైద్యం ఎవరు చూస్తారు, టార్చిలైటు ఎవరిస్తారు, గుర్తింపు కార్డు మీద ఏం రాస్తారు: ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి పైసా తగ్గినా సంతకం పెట్టకూడదు.

రెండు. ప్రతి గూడూ, ప్రతి చచ్చిన తాబేలూ మన పుస్తకంలో రాసుకోవాలి. తేదీ, చోటు, ఎన్ని గుడ్లు, ఎవరు చూశారు, ఒంటి మీద వల గాయం ఉందా. ఫోనుతో ఫొటో తీయాలి. లెక్క మన దగ్గర ఉంటేనే మరబోట్ల మీద తనిఖీ అడిగే నోరు మనకు వస్తుంది. లెక్క ఇంకొకరి దగ్గర ఉంటే దోషం మన దగ్గర ఉంటుంది.

మూడు. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఉందా అని అడగండి. ఉంటే చూడండి. అందులో యానాదులకు తెలిసిన మొక్కలు, చేపలు, పీతలు, తాబేలు జాడలు ఉన్నాయా? లేకపోతే రాయించండి. రాసేది మన ఉపాధ్యాయులే కావాలి.

నాలుగు. మడ అడవుల మీద, అభయారణ్యపు కాలువల మీద ఆధారపడిన కాలనీలు సామూహిక హక్కులకు దరఖాస్తు పెట్టాలి. సామూహిక హక్కులకు ఫారం 'బి', అడవిని కాపాడే హక్కుకు ఫారం 'సి'. పాత ఫొటోలు, ముసలివాళ్ల వాంగ్మూలాలు సాక్ష్యానికి పనికొస్తాయి. మన ముసలివాళ్లు ఉండగానే ఆ వాంగ్మూలాలు తీసుకోవాలి.

అయిదు. ఇది ఉపాధ్యాయ మిత్రులకు. అయిదో తరగతి పిల్లవాడు తాబేలు బొమ్మ గీసినప్పుడు, ఆ తాబేలును ఎవరు కాపాడుతున్నారో కూడా గీయించండి. పరిసరాల విజ్ఞానం పాఠం రోజున కాలనీ పెద్దాయన్ని బడికి పిలిచి, కుర్చీ వేసి, జాడ ఎలా చదవాలో ఆయన చేతే చెప్పించండి. తన తాత తరగతి గదిలో పాఠం చెప్పగా చూసిన పిల్లవాడు బడి మానడు. అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడడు.

ఈ సీజనులో కూడా జీపు వస్తుంది. "వాలంటీర్లుగా రండి" అంటారు. వద్దని చెప్పకండి. కూర్చోమనండి, మంచినీళ్లు ఇవ్వండి. మన పుస్తకం చూపించండి. ఆ తర్వాత గ్రామసభ తీర్మానం చేతిలో పెట్టి, "అయ్యా, పని మాకు వచ్చు. ఇవి మా షరతులు" అని చెప్పండి.